దిగాల్సిన దారి, మూసుకోవాల్సిన దారి



గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి ఎంపికైన పిల్లగాడు మొదటి రోజే బాయి దిగడు. ముందు మెడికల్ పరీక్ష ఉంటుంది. 1955 నాటి గనుల నిబంధనల ప్రకారం డాక్టరు నింపే కాగితానికి ‘ఫారం ఓ’ అని పేరు. కళ్లు, చెవులు, ఊపిరితిత్తులు, గుండె, పొట్ట, చర్మం, అన్నిటికీ అందులో చోటుంది. వాటితో పాటే మరో రెండు పేర్లు ఉంటాయి: హెర్నియా, హైడ్రోసిల్. డాక్టరు తెర చాటుకు పిలిచి, దగ్గమని చెప్పి, చేత్తో తడిమి చూసి రాసుకుంటాడు. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే ఈ బొగ్గు ప్రాంతంలో, ఇరవై రెండేళ్లకో ఇరవై అయిదేళ్లకో ఆ పరీక్షకు నిలబడ్డ రోజునే తన ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఒక లోపం ఉందని తెలుసుకునే యువకులు ఉంటారు. ఒక వైపు వృషణం సంచిలో లేదని అతనికి అంతకు ముందే తెలిసి ఉండొచ్చు. చెప్పడానికి నోరు రాలేదు. అడిగినవాళ్లూ లేరు.

నిజానికి ఆ పరీక్ష అతను నెలల పసివాడుగా ఉన్నప్పుడే జరగాలి. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. నాయినమ్మ కాళ్లు చాపుకుని, మనవడిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి వేడినీళ్లు పోసే వేళ చాలు. ఒళ్లంతా వెచ్చబడి, కండరాలు సడలి, బిడ్డ హాయిగా ఉన్న ఆ నిమిషం కంటే మంచి సమయం డాక్టరుకు కూడా దొరకదు.

మగబిడ్డ మర్మాంగాల్లో పుట్టుకతో వచ్చే తేడాలు చాలావరకు ఒకే కథకు శాఖలు. ఆ కథ బొగ్గుబాయి ఊళ్లో చెప్పడం తేలిక, ఎందుకంటే ఇంక్లైన్ అంటే ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. వృషణాలు పుట్టేది సంచిలో కాదు, తల్లి కడుపులో ఉన్న బిడ్డ పొట్టలో, మూత్రపిండాల దగ్గర. అక్కడి నుంచి మెల్లగా కిందికి ప్రయాణం చేసి, ఏడో నెల ప్రాంతంలో గజ్జ దగ్గరున్న ఏటవాలు సొరంగంలోకి ప్రవేశిస్తాయి. అచ్చం ఇంక్లైన్ లాగే అది వాలుగా దిగే దారి. నెలలు నిండేసరికి సంచిలోకి చేరుకుంటాయి. వృషణాన్ని కిందికి నడిపించే కండలాంటి తాడును 1762లో జాన్ హంటర్ అనే బ్రిటిష్ సర్జన్ వివరించి, దానికి చుక్కాని అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. దిగడం ఎంత ముఖ్యమో, దిగిన తరువాత వెనక దారి మూసుకోవడం కూడా అంతే ముఖ్యం. పొట్ట లోపలి పొర వేలు ఆకారంలో ముందుకు సాగి వృషణానికి తోడుగా వస్తుంది. బాయిలో బొగ్గు తీయడం అయిపోయిన ప్యానెల్‌ను గోడ కట్టి మూసేసినట్టు, ఆ పొర మూసుకుపోవాలి.

అది మూసుకోక సన్నని సందు మిగిలితే పొట్టలోని నీరు జారి సంచిలో చేరుతుంది. అది హైడ్రోసిల్. సందు వెడల్పుగా మిగిలితే పేగే జారి వస్తుంది. అది హెర్నియా. దారి మధ్యలోనే వృషణం ఆగిపోతే, దిగని వృషణం. ఈ మూడూ కలిపి పిల్లల సర్జన్ల దగ్గరికి వచ్చే మగపిల్లల్లో పెద్ద భాగం.

ముందుగా దిగని వృషణం సంగతి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురి దాకా ఇది కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో నూటికి ముప్పై మంది దాకా ఉండొచ్చు. కారణం తేలికే, వాళ్లు ప్రయాణం పూర్తి కాకముందే బయటికి వచ్చేశారు. వీళ్లలో చాలామందికి మొదటి కొన్ని నెలల్లో వృషణం తనంతట తానే దిగుతుంది. ఏడాది వచ్చేసరికి నూటికి ఒక్కరి దగ్గర మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఆరు నెలల తరువాత దిగే అవకాశం దాదాపు ఉండదు. కాబట్టి ఆరు నెలలు ఆగడం సబబే, ఆరేళ్లు ఆగడం మాత్రం బిడ్డకు నష్టం.

గోదావరిఖని పక్క బస్తీల్లో, కాలనీల్లో ఆశా కార్యకర్త ఈ మాట ఎత్తితే పెద్దవాళ్ల నోట వచ్చే జవాబు ఒకటి ఉంది. “మా పెద్దోనికి గూడ గిట్లనే ఉండె. పెద్దగయితే అదే సదురుకుంటది బిడ్డా.” ఆ మాటలో మొండితనం లేదు, ధైర్యం చెప్పాలన్న ప్రేమ ఉంది. కానీ ఆ ప్రేమ బిడ్డ కాలాన్ని తినేస్తుంది.

కాలం ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే వేడి గురించి మాట్లాడాలి. వేసవి వచ్చిందంటే రామగుండం పేరు ఉష్ణోగ్రతల వార్తల్లో ముందుంటుంది. బయట 45 డిగ్రీలు ఉన్నా, డిసెంబర్ చలి ఉన్నా, పొట్ట లోపల వేడి మాత్రం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. వృషణానికి ఆ వేడి ఎక్కువ. దానికి రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి. అందుకే ప్రకృతి దాన్ని శరీరం బయట సంచిలో వేలాడదీసింది. ఆ సంచి చలికి ముడుచుకుంటుంది, వేడికి జారుతుంది. వృషణం పొట్టలోనో గజ్జలోనో ఉండిపోతే, రేపు వీర్యకణాలుగా మారాల్సిన మూలకణాలు మొదటి ఏడాదిలోనే దెబ్బతినడం మొదలవుతుంది. పైకి ఏమీ కనిపించదు. నొప్పి లేదు, జ్వరం లేదు, బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. పెళ్లయి పిల్లలు కలగడం ఆలస్యమై, ముందు కోడలికే అన్ని పరీక్షలూ చేయించి, చివరికి కొడుకును చూపించినప్పుడు అసలు విషయం బయటపడిన కుటుంబాలు ఎన్నో.

క్యాన్సర్ భయం కూడా ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు, పెంచి చెప్పడమూ మంచిది కాదు. స్వీడన్‌లో దిగని వృషణానికి ఆపరేషన్ అయిన సుమారు 17 వేల మంది వివరాలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవాళ్లలో వృషణ క్యాన్సర్ ముప్పు మామూలు మగవాళ్ల కంటే రెండు రెట్లకు కాస్త ఎక్కువ, 13 దాటాక అయినవాళ్లలో అయిదు రెట్లకు పైన. ఈ క్యాన్సర్ అసలే అరుదైనది కాబట్టి రెండు రెట్లన్నా మొత్తం మీద కొద్దిమందికే వస్తుంది. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా మాత్రం ఆపరేషన్ తేదీతో ముడిపడింది.

తేదీ గుర్తుపెట్టుకోవడానికి ప్రతి ఇంట్లో ఒక కాగితం ఉండనే ఉంది. అదే టీకాల కార్డు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వెళ్లినప్పుడు నర్సమ్మనో డాక్టరునో ‘రెండూ దిగాయా’ అని అడగాలి. ఆరు నెలలకూ దిగకపోతే పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లాలి. తొమ్మిదో నెల మీజిల్స్ టీకా నాటికి ఆపరేషన్ మాట ఖరారై ఉండాలి. ఏడాదిన్నర బూస్టర్ వచ్చేలోపు ఆపరేషన్ పూర్తి కావాలి. అమెరికా యూరాలజీ సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే గడువు. ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికి వస్తుంది. బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఆ చూపును ఇంకో జానెడు కిందికి దించితే చాలు.

ఈ చూపులో ఒక చిక్కు ఉంది. కొందరు పిల్లల్లో వృషణం ఒకసారి సంచిలో కనిపిస్తుంది, ఇంకోసారి మాయమవుతుంది. చలి చేయి తగిలినా, బిడ్డ భయపడ్డా ఒక కండరం దాన్ని పైకి లాగుతుంది. వెచ్చటి నీళ్లు పోసినప్పుడు మళ్లీ కిందికి వచ్చి కాసేపు నిలిస్తే అది జబ్బు కాదు. అయితే వీళ్లను ఏడాదికోసారి చూపిస్తూ ఉండాలి, ఎదిగే కొద్దీ కొందరిలో అది పైకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఒకప్పుడు సంచిలో చూశాం కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు. ఇంకో మాట, స్కానింగ్ గురించి. చాలా కుటుంబాలు సర్జన్‌ను కలవకముందే స్కానింగ్‌కు డబ్బులు పోస్తాయి. దిగని వృషణాల్లో నూటికి ఎనభై దాకా చేతికే తగులుతాయి. తగలనివాటిని స్కానింగ్ నమ్మకంగా చూపించలేదు, అది లేదని రాసినంత మాత్రాన వృషణం లేనట్టు కాదు. చేతికి తగలకపోతే సర్జన్ బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి, కెమెరాతో లోపల వెతుకుతాడు. స్కానింగ్‌కు పోసే డబ్బులు సర్జన్ కోసం చేసే హైదరాబాద్ ప్రయాణానికి దాచుకోవడం మేలు.

ఇక హైడ్రోసిల్. దాన్ని తెలుగులో వరిబీజం అంటారు, బుడ్డ అని కూడా అంటారు. మన దగ్గర ఈ మాట వినగానే మనసు దోమ మీదికి పోతుంది. పూర్వపు కరీంనగర్ జిల్లా బోదకాలు వ్యాధి ఉన్న ప్రాంతం. ఏటా ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించిన కార్యక్రమం చాలామందికి గుర్తుంటుంది. పెద్దవాళ్లలో వచ్చే వరిబీజానికి బోదకాలు తెచ్చే, దోమ మోసే ఫైలేరియా పురుగు ఒక ముఖ్య కారణం, అది ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటే తప్ప రాదు. పాలు తాగే బిడ్డకు వచ్చింది వేరు. అతనిది మూసుకోని దారి, అంతే. అది అంటుకోదు, దోమతో సంబంధం లేదు, తాతకు ఉండేది కాబట్టి మనవడికి వచ్చిందనుకోవడానికీ లేదు. చీకట్లో టార్చిలైటు ఆనించి చూస్తే సంచి ఎర్రగా దీపంలా వెలుగుతుంది, ఎందుకంటే లోపల ఉన్నది తేట నీరు. పొద్దున చిన్నగా ఉండి, సాయంత్రానికి పెరుగుతుంది. ఎక్కువమందిలో ఏడాదికో రెండేళ్లకో తనే పోతుంది. రెండేళ్లు దాటినా ఉంటే చిన్న ఆపరేషన్ చేస్తారు. సూదితో నీళ్లు తీయించడం, పసర్లు కట్టడం పసివాడికి కీడే.

హెర్నియా దగ్గర మాత్రం ఎదురుచూపులు లేవు. బిడ్డ ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు గజ్జలో ఉబ్బు వచ్చి, నిద్రపోయినప్పుడు లోపలికి పోతుంది. బొడ్డు దగ్గర వచ్చే ఉబ్బుతో దీన్ని కలపకూడదు. బొడ్డు హెర్నియా చాలామంది పిల్లల్లో నాలుగయిదేళ్లకు మానిపోతుంది, దాని మీద రూపాయి బిళ్ల కట్టడం ఉత్త పని. గజ్జలోది ఎన్నాళ్లున్నా మానదు. పైగా పసివాళ్లలో పేగు ఆ సందులో ఇరుక్కుపోయే ప్రమాదం పెద్దవాళ్ల కంటే ఎక్కువ. ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, బిడ్డ ఆపకుండా ఏడుస్తూ, పసరు రంగులో వాంతి చేసుకుంటే, అది అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికే. తండ్రి నైట్ షిఫ్టులో ఉన్నాడని, ఉదయం ఏడింటికి వచ్చాక మాట్లాడదామని ఆగితే, ఆ గంటల్లో పేగూ పాడవుతుంది, పక్కనున్న వృషణానికీ రక్తం అందదు. ఇంత ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి? ఉబ్బు మొదటిసారి కనిపించినప్పుడే చూపిస్తే తీరిగ్గా, ముందే రోజు పెట్టుకుని చేసే ఆపరేషన్ అది. పిల్లలకు జాలీ వేయరు. మూసుకోని ఆ పొరను కట్టేసి దారి మూస్తారు.

దారులతో సంబంధం లేని లోపం ఇంకొకటి ఉంది. దాని గురించి ఇళ్లలో మాట్లాడుకునేది మరీ తక్కువ. మూత్రం వచ్చే రంధ్రం అంగం చివర ఉండకుండా, అడుగు వైపున ఎక్కడో తెరుచుకోవడం. డాక్టర్లు దీన్ని హైపోస్పేడియాస్ అంటారు. సుమారు 250 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు చర్మం చుట్టూ ఉండకుండా పైన మాత్రం టోపీలా ఉంటుంది, కింద ఖాళీగా ఉంటుంది. కొందరిలో అంగం కిందికి వంగి ఉంటుంది. మూత్రం ముందుకు పోకుండా కాళ్ల మీద పడుతుంది. బడికి వెళ్లే వయసు వచ్చాక, తోటిపిల్లలు గోడ వారగా నిలబడితే ఇతను పక్కకు వెళ్లి కూర్చుంటాడు. ఎందుకని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. నాలుగో తరగతి పిల్లవాడు ఒంటరిగా మోసే ఈ బరువు గురించి తలచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

పైన టోపీలా మిగిలిన ఆ చర్మం చాలా విలువైనది. సర్జన్ కొత్త మూత్రనాళం కట్టడానికి దాన్నే వాడుకోవచ్చు. ఈ విద్యలో మన దేశం పేరు నిలిపినవాడు ఆగ్రాకు చెందిన సర్జన్ హరిశంకర్ అసోపా. ముందు చర్మాన్ని గొట్టంలా చుట్టి ఒకే విడతలో నాళం కట్టే పద్ధతిని 1971లో ఆయన ప్రచురించాడు, సర్జన్లు దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అందుకే ఈ లోపం ఉన్న బిడ్డకు ముందుగా సున్తీ చేయించకూడదు. పుట్టుకతోనే సున్తీ అయి పుట్టాడని సంబరపడే ఇళ్లు ఉన్నాయి. ఆ సంతోషాన్ని ఎవరూ తప్పు పట్టనక్కర్లేదు, కానీ ఒడుగులకు, అంటే సున్తీకి, ముహూర్తం పెట్టేముందు ఒక్కసారి పిల్లల సర్జన్‌కు చూపించాలి. ఆపరేషన్‌కు మంచి వయసు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర. ఆపరేషన్ తరువాత కొన్ని రోజులు మూత్రానికి గొట్టం ఉంటుంది. కొందరికి కుట్టు దగ్గర సన్న రంధ్రం పడి, మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. లోపం తీవ్రంగా ఉంటే ముందే రెండు విడతలని చెబుతారు. ఈ మాటలు ఆపరేషన్‌కు ముందే వింటే, తరువాత తల్లిదండ్రులు కుంగిపోరు.

లోపం కానే కానిదాన్ని లోపం అనుకుని చేసే హాని కూడా ఉంది. పసివాడి ముందు చర్మం వెనక్కి రాకపోవడం సహజం. డగ్లస్ గెయిర్డ్‌నర్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1949లో లెక్క చూసి రాశాడు: పుట్టినప్పుడు నూటికి నలుగురిలోనే అది వెనక్కి వస్తుంది, మూడేళ్లకు నూటికి తొంభై మందిలో వస్తుంది. కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది, ఫరవాలేదు. స్నానం పోసేటప్పుడు శుభ్రం కోసమని నూనె వేసి బలంగా వెనక్కి లాగడం వల్ల చర్మం చిట్లి, మచ్చ కట్టి, నిజంగానే బిగుసుకుపోతుంది. లాగిన చర్మం ముందుకు రాక ఉరిలా బిగిస్తే అది అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. పైన నీళ్లు పోసి వదిలేయాలి. మూత్రం బొట్లు బొట్లుగా వస్తుంటే మాత్రం అది వేరే సంగతి, మూత్రనాళంలో పుట్టుకతో అడ్డం ఉండొచ్చు. మూత్రపిండాలు పాడవక ముందే చూపించాలి.

అన్నిటికంటే తొందరపడాల్సిన సందర్భం ఒకటుంది. సంచిలో రెండు వృషణాలూ తగలకపోయినా, ఒకటి తగలక మూత్రరంధ్రమూ కింద ఉన్నా, మగబిడ్డ అని ప్రకటించేముందు డాక్టరు ఆగాలి. అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే ఒక లోపం వల్ల ఆడబిడ్డ బయటికి మగబిడ్డలా కనిపించవచ్చు. ఆ లోపంలో ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, రెండో మూడో వారంలో వాంతులతో బిడ్డ ప్రాణాల మీదికి వస్తుంది. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18 వేల మందికి పైగా నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించినప్పుడు సుమారు 2,600 మందిలో ఒకరికి ఈ లోపం కనిపించింది. మేనరికాలు ఎక్కువున్న చోట ఇలాంటి జబ్బులు పెరుగుతాయన్నది తెలిసిన విషయమే. రక్తపరీక్షతో బయటపడుతుంది, రోజూ వేసుకునే మాత్రలతో బిడ్డ బతుకుతుంది, చక్కగా ఎదుగుతుంది. ‘అటూ ఇటూ కాని బిడ్డ’ అన్న మాట మాత్రం ఆ తల్లి చెవిన పడకూడదు.

తల్లి గురించి ఇంకొంచెం చెప్పాలి. బిడ్డలో ఏ తేడా కనిపించినా మొదటి వేలు ఆమె వైపే లేస్తుంది. గ్రహణం రోజు బయటికి వచ్చింది, కోసింది, కుట్టింది అంటారు. ఇవేవీ కారణాలు కావు. దిగని వృషణానికీ, హైపోస్పేడియాస్‌కూ నెలలు నిండకపోవడంతో, తక్కువ బరువుతో, కొన్ని హార్మోన్ తేడాలతో సంబంధం కనిపిస్తుంది. చాలామందిలో కారణమే దొరకదు. బాలింతగా ఉన్న ఆమెను బోనులో నిలబెట్టడం కంటే, బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరైనా తోడు వెళ్లడం అవసరం.

వెళ్లడానికి చోట్లు ఉన్నాయి. సింగరేణి బొగ్గు కంపెనీ కార్మికుల పిల్లలకు గోదావరిఖనిలో కంపెనీ ఏరియా ఆస్పత్రి ఉంది, అవసరమైతే పై ఆస్పత్రులకు రిఫర్ చేస్తారు. కాంట్రాక్టు కార్మికులకూ, చుట్టుపక్కల పల్లెల వాళ్లకూ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది, దానికి అనుబంధంగా 2022లో రామగుండం మెడికల్ కాలేజీ మొదలైంది. జన్మలోపాలను వెతికి పట్టుకునేందుకు 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ, బడులకూ వస్తాయి. పెద్ద కేసులకు హైదరాబాద్‌లో నీలోఫర్ ఆస్పత్రి. 1953 నుంచి తల్లీబిడ్డల కోసమే నడుస్తున్న ఆ ఆస్పత్రిలో పిల్లల సర్జరీ విభాగం ఉంది. పిల్లల జన్మలోపాల ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద ఉన్నాయి, 2023 డిసెంబర్ నుంచి ఆ పథకం పరిమితి 10 లక్షల రూపాయలు. రామగుండం స్టేషన్‌లో భాగ్యనగర్ రైలు ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. తండ్రికి షిఫ్టు మార్పించుకోవడమే ఒక్కోసారి కష్టమైన పని.

వృషణాన్ని కిందికి దించే ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వస్తారు. ఆ తరువాత రెండు వారాలు బిడ్డను చంకన ఎక్కించుకోకూడదు, కాళ్లు ఎడంగా పెట్టి కూర్చునే బండి బొమ్మలు ఎక్కించకూడదు. ఇది నాయినమ్మకు ప్రత్యేకంగా చెప్పాలి, ఆమె చేతులు ఊరుకోవు. వృషణం కింద నిలిచిందో లేదో కొన్ని నెలల తరువాత సర్జన్ మళ్లీ చూడాలి. ఆపరేషన్ కాగితాలను టీకాల కార్డుతో కలిపి ఇనుప పెట్టెలో దాచాలి. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చినప్పుడు ఆ పిల్లవాడికి తండ్రే విషయం చెప్పి, నెలకోసారి స్నానం చేసేటప్పుడు గడ్డలేమైనా తగులుతున్నాయా అని తనే చూసుకోవడం నేర్పాలి. ఉన్నట్టుండి అక్కడ విపరీతమైన నొప్పి వస్తే సిగ్గుపడకుండా వెంటనే ఇంట్లో చెప్పాలని కూడా నేర్పాలి. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకునే గడువు ఆరు గంటలే. అలా తెలిసి పెరిగిన పిల్లవాడు ఒకరోజు ‘ఫారం ఓ’ నింపే డాక్టరు ముందు నిలబడితే, గజ్జలోని సన్నని మచ్చ ఏమిటని అడిగినప్పుడు అది ఏ వయసులో, ఎందుకు, ఎక్కడ జరిగిన ఆపరేషనో అతనే చెబుతాడు.